చిన్న కాలేజీలో కోచ్ కొలువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో, సెయింట్ జాన్స్ అనే చిన్న విశ్వవిద్యాలయంలో, అరవై సీజన్ల పాటు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా ఉన్న జాన్ గలార్డి గురించి గత సంచికలో అరపేజీ పరిచయం వేశాం. ఆ ఆటను మన ఊళ్లో చూసేవారే తక్కువ కాబట్టి దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరనుకున్నాం. కానీ వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దాని గురించే ఉండటంతో, ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయించాం.

ప్రశ్న: మా అబ్బాయి ఎంఎస్ చేయడానికి అమెరికా వెళ్లి ఒక చిన్న విశ్వవిద్యాలయంలో డేటా అనలిటిక్స్ చదువుతున్నాడు. క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ పనిగా అక్కడి ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్‌ల వీడియోలు చూసి, ఒక్కో ఆటను విడగొట్టి లెక్కలు రాసే పని దొరికింది. ఇప్పుడు చదువు పూర్తి కావస్తుండగా, ఐటీ ఉద్యోగం వద్దు, కోచింగ్‌లోనే ఉంటానంటున్నాడు. విద్యారుణం ఇంకా తీరలేదు. వాళ్లమ్మకు మనసు కుదుట పడటం లేదు. మా బావమరిది అయితే ‘పీఈటీ కావడానికి అమెరికా దాకా పోవాలా’ అని నవ్వాడు. ఈ వృత్తిలో బతుకుతెరువు ఉందో లేదో ఉన్నదున్నట్టు చెప్పగలరు.
— ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: బతుకుతెరువు ఉంది. అయితే అది చేతికి అందేసరికి చాలా ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో మీ అబ్బాయి తోటివాళ్లు కొండాపూర్‌లోనో డాలస్‌లోనో ఇళ్లు కొనుక్కుంటారు. ఈ తేడాను ముందే ఒప్పుకున్నవాళ్లే ఆ వృత్తిలో నిలుస్తారు. మీ బావమరిది గారి మాటకు మాత్రం మా అభ్యంతరం ఉంది. పీఈటీ ఉద్యోగం నవ్వులాట కాదు, పైగా చిన్న కాలేజీ కోచ్ పని మన పీఈటీ పనికి నిజంగానే దగ్గరి చుట్టం.

అమెరికా కాలేజీ ఆటలు అనగానే టీవీలో కనిపించే లక్షమంది ప్రేక్షకుల స్టేడియాలు, ఏడాదికి కోటి డాలర్లు దాటిన కోచ్‌ల జీతాలు గుర్తొస్తాయి. అది పై అంతస్తు మాత్రమే. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ తన సభ్య కళాశాలలను మూడు డివిజన్లుగా విభజించింది. 1973 నుంచి ఉన్న మూడో డివిజన్‌లో ఆటగాళ్లకు క్రీడా స్కాలర్‌షిప్ ఇవ్వకూడదన్నది నియమం. ఫుట్‌బాల్ జట్లున్న కాలేజీలు ఈ డివిజన్‌లో దాదాపు 240 ఉన్నాయి. వీటికి తోడు రెండో డివిజన్ కాలేజీలు, ఎన్‌ఏఐఏ అనే మరో సంఘంలోని కాలేజీలు ఉన్నాయి. చిన్న కాలేజీ ఫుట్‌బాల్ అని అక్కడివాళ్లు అనేది ఈ మొత్తాన్నీ కలిపి.

ఈ లోకంలో ఉద్యోగం సాధారణంగా గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా మొదలవుతుంది. ఆ హోదాలో ఫీజు మాఫీ చేసి, చేతి ఖర్చులకు కొంత భత్యం ఇచ్చి, బదులుగా పగలూ రాత్రీ పని చేయించుకుంటారు. ఆ తర్వాత ఆటగాళ్లలో ఒక వర్గానికి, అంటే బంతిని అందుకునేవారికో, రక్షణ వరుసలో ముందు నిలబడేవారికో మాత్రమే శిక్షణనిచ్చే కోచ్ అవుతారు. ఆ పైన దాడికో రక్షణకో మొత్తం బాధ్యత వహించే కోఆర్డినేటర్, చివరికి హెడ్ కోచ్. ఒక్కో మెట్టుకు తరచుగా ఊరు మారాలి, ఎందుకంటే ఉన్నచోటే పైమెట్టు ఖాళీ కావడం అరుదు. హెడ్ కోచ్ మారితే కొత్తగా వచ్చినవాడు తన మనుషులను తెచ్చుకుంటాడు కాబట్టి కిందివాళ్లందరూ ఒకేసారి ఉద్యోగాలు వెతుక్కోవలసి వస్తుంది. ఏటా జనవరిలో జరిగే అమెరికా ఫుట్‌బాల్ కోచ్‌ల సంఘం మహాసభకు వేలమంది కోచ్‌లు వెళ్లేది ప్రసంగాలు వినడానికి మాత్రమే కాదు. హోటల్ లాబీల్లో బయోడేటాలు పట్టుకుని తిరిగే కుర్రాళ్లకు అదే ఉద్యోగాల సంత.

జీతం గురించి స్థూలంగా చెప్పాలంటే, మూడో డివిజన్‌లో హెడ్ కోచ్ ఆదాయం చాలాచోట్ల అదే కాలేజీలోని ప్రొఫెసర్ల జీతానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అసిస్టెంట్లలో చాలామందికి పూర్తికాలపు జీతమే ఉండదు. కొందరు హాస్టల్ వార్డెన్ తరహా పని చేసి గది సంపాదించుకుంటారు, కొందరు బడిలో పాఠాలు చెబుతారు, కొందరికి అదే కాలేజీలో గోల్ఫ్ జట్టునో టెన్నిస్ జట్టునో అదనంగా అప్పగిస్తారు.

సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వారం ఎలా గడుస్తుందో కూడా మీరు తెలుసుకోవాలి. శనివారం మ్యాచ్. ఆదివారం ఉదయం నుంచి ఆ మ్యాచ్ వీడియో, మధ్యాహ్నం నుంచి వచ్చే శనివారం ఎదురయ్యే జట్టు వీడియోలు. మీ అబ్బాయి చేస్తున్న పని సరిగ్గా ఇక్కడే ఉపయోగపడుతుంది: ఎదుటి జట్టు మూడో ప్రయత్నంలో ఇంకా ఏడు గజాలు కావలసి ఉన్నప్పుడు బంతిని విసురుతుందా, పట్టుకుని పరుగెడుతుందా అన్న లెక్క లేకుండా సోమవారం ప్రణాళిక తయారు కాదు (నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలన్నది ఈ ఆట నియమం). మంగళ, బుధ, గురువారాలు అభ్యాసం, శుక్రవారం ప్రయాణం. చిన్న కాలేజీలో వీటి మధ్యనే జెర్సీలు ఉతికించడం, బస్సు మాట్లాడటం, మైదానంలో సున్నం గీతలు వేయించడం, క్లాసుకు వెళ్లని కుర్రాడిని వెతికి పట్టుకోవడం కూడా కోచ్‌లే చూసుకుంటారు. అందుకే మేము పీఈటీతో చుట్టరికం అన్నాం.

ఇక మీకు అసలు ఆందోళన కలిగించవలసిన విషయం వీసా. చదువుకునే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటల పనికి అనుమతి ఉంది. చదువు తర్వాత వచ్చే శిక్షణ కాలంలో చేసే పని చదివిన విషయానికి సంబంధించినదై ఉండాలి. వీడియో విశ్లేషకుడిగా అయితే డేటా అనలిటిక్స్‌తో ఆ సంబంధం చూపించవచ్చు. ఆ తర్వాత హెచ్-1బీ విషయానికొస్తే, విశ్వవిద్యాలయాలకు వార్షిక పరిమితి, లాటరీ వర్తించవు కాబట్టి ఒక మేలు ఉంది, కానీ ఆ కొలువుకు ఫలానా రంగంలో డిగ్రీ తప్పనిసరి అని కాలేజీ నిరూపించాలి. అసిస్టెంట్ కోచ్ ఉద్యోగానికి అలా నిరూపించడం కష్టం, విశ్లేషకుడి ఉద్యోగానికి కొంత తేలిక. అబ్బాయి చేత ఇప్పుడే ఒక ఇమిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదింపజేయండి. ‘కోచ్‌గారు చూసుకుంటానన్నారు’ అన్న మాట మీద ఆధారపడవద్దు.

ఆ ఆట ఎన్నడూ ఆడనివాడు కోచ్ కాగలడా అని మీరు అడగలేదు గానీ, మీ అబ్బాయికి ఎదురయ్యే మొదటి ప్రశ్న అదే. చాలామంది కోచ్‌లు మాజీ ఆటగాళ్లే. విశ్లేషణ దారిన లోపలికి వచ్చేవాళ్ల సంఖ్య పెరుగుతోంది, అయితే వాళ్లకు కుర్రాళ్లతో మాట్లాడటం, వాళ్ల ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులను ఒప్పించడం వచ్చి ఉండాలి. మీవాడు ఇంటికి వచ్చిన చుట్టాలతో కలివిడిగా ఉంటాడా, గది తలుపు వేసుకుని కూర్చుంటాడా? వాడి భవిష్యత్తును అంచనా వేయడానికి మార్కుల కంటే ఇది మీకు ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న: స్కాలర్‌షిప్ ఇవ్వరు, టీవీ హక్కుల డబ్బు రాదు, స్టేడియంలో రెండు మూడు వేలమంది కూడా కూర్చోరు. మరి అంత ఖరీదైన ఆటను ఆ చిన్న కాలేజీలు ఎందుకు నడుపుతున్నట్టు? ఇందులో నాకు అర్థంకాని మతలబు ఏదో ఉంది.
— విశ్రాంత అధ్యాపకుడు, నల్లకుంట

జవాబు: మతలబు ఉంది, అది అడ్మిషన్లలో ఉంది. వేసవి సెలవుల్లో మన ప్రైవేటు జూనియర్ కాలేజీల లెక్చరర్లు పాంప్లెట్ల కట్టలు చంకన పెట్టుకుని, టెన్త్ పాసైన పిల్లల ఇళ్లకు తిరిగి సీట్లు నింపడం మీరు చూసే ఉంటారు. అమెరికా చిన్న కాలేజీలో ఫుట్‌బాల్ కోచ్ చేసేది ఏడాది పొడవునా అదే.

లెక్క ఇలా సాగుతుంది. మొత్తం వెయ్యో రెండు వేలో విద్యార్థులున్న ఒక ప్రైవేటు కాలేజీ ఉందనుకోండి. ఫుట్‌బాల్ జట్టులో వంద మందికి పైగా ఉంటారు, ఎందుకంటే ఒకేసారి మైదానంలో ఉండేది పదకొండు మందే అయినా, దాడికి ఒక పదకొండు, రక్షణకు వేరే పదకొండు, బంతిని తన్నే సందర్భాలకు మరికొందరు, వాళ్లందరికీ ప్రత్యామ్నాయాలు కావాలి. ఆ వంద మందీ, చదువు ప్రతిభకో ఆర్థిక అవసరానికో దక్కే రాయితీలు పోను, ఫీజు కట్టే విద్యార్థులే. వాళ్లలో చాలామంది ఆట ఆడే అవకాశం లేకపోతే ఆ కాలేజీ వైపు కన్నెత్తి చూడరు. మగపిల్లల చేరికలు తగ్గిపోతున్న కాలేజీకి ఇది మరీ అక్కరకొస్తుంది. అందుకే కొన్ని కాలేజీలు ఖర్చుకు వెనుకాడకుండా కొత్తగా ఫుట్‌బాల్ జట్లను మొదలుపెట్టాయి.

దీనివల్ల కోచ్‌ను తూచే తూకమే మారిపోతుంది. ఈ ఏడాది ఎన్ని మ్యాచ్‌లు గెలిచావని అడిగే ముందు, ఎంతమంది కొత్తవాళ్లను తెచ్చావు, నిరుడు తెచ్చినవాళ్లలో ఎంతమంది రెండో ఏడాదికి మిగిలారు అని అధ్యక్షుడి కార్యాలయం అడుగుతుంది. నవంబరులో సీజన్ ముగిసిన మర్నాటి నుంచే కోచ్‌లు కార్లు తీస్తారు. ఒక్కో అసిస్టెంట్‌కు కొన్ని జిల్లాలు అప్పగిస్తారు, అతడు రోజుకు నాలుగైదు హైస్కూళ్లు తిరిగి, అక్కడి కోచ్‌లతో మాట్లాడి, కుర్రాళ్ల వీడియోలు చూసి, సాయంత్రం తల్లిదండ్రులకు ఫోన్లు చేస్తాడు. స్కాలర్‌షిప్ ఇస్తామని చెప్పే వీలు లేదు కాబట్టి, మీవాడు ఇక్కడ తప్పకుండా డిగ్రీ పూర్తి చేస్తాడు, మేము పేరుపెట్టి పిలిచి పట్టించుకుంటాం అని చెప్పాలి. చెప్పిన మాట నిలబెట్టుకోని కోచ్‌కు ఆ జిల్లాలో మరుసటి ఏడు తలుపులు తెరుచుకోవు.

ఈ లెక్క అన్ని కాలాల్లోనూ ఇలాగే లేదు. షికాగో విశ్వవిద్యాలయంలో ఏమస్ అలాంజో స్టాగ్ 1892 నుంచి 1932 వరకు కోచ్‌గా ఉన్నారు. డెబ్బై ఏళ్లు నిండాయని ఆయనను రిటైరు చేశారు. విశ్వవిద్యాలయాధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ చదువుకు ఈ ఆట అడ్డమని భావించి 1939లో జట్టునే రద్దు చేశారు. ఖాళీ పడిన స్టాగ్ ఫీల్డ్ స్టేడియం పడమటి మెట్ల కింది గదిలోనే 1942 డిసెంబరు 2న ఎన్‌రికో ఫెర్మీ బృందం మొట్టమొదటి అణు రియాక్టర్‌ను నడిపించింది. స్టాగ్ మాత్రం ఇంట్లో కూర్చోలేదు. కాలిఫోర్నియాలోని కాలేజ్ ఆఫ్ ద పసిఫిక్‌లో పద్నాలుగు సీజన్లు పనిచేసి, 81 ఏళ్ల వయసులో, 1943లో, ఆ ఏటి ఉత్తమ కోచ్‌గా ఎంపికయ్యారు. ఆ తర్వాత పెన్సిల్వేనియాలోని సస్క్వహానా అనే చిన్న కాలేజీకి వెళ్లి, అక్కడ కోచ్‌గా ఉన్న తన కొడుకుతో కలిసి పనిచేశారు. 102 ఏళ్లు జీవించి 1965లో కన్నుమూశారు. మూడో డివిజన్ జాతీయ ఫైనల్‌ను ఇప్పుడు స్టాగ్ బౌల్ అని ఆయన పేరుతోనే పిలుస్తారు. షికాగోలో కూడా ఆట 1969లో తిరిగి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయం ఇప్పుడు ఆడేది మూడో డివిజన్‌లోనే.

ప్రశ్న: నేను దోమలగూడ వ్యాయామ విద్య కళాశాలలో చదివి బడిలో పిల్లలకు కబడ్డీ, ఖోఖో నేర్పుతున్నాను. గలార్డి తన ఆటగాళ్లను అభ్యాసంలో ఒకరినొకరు పడగొట్టనివ్వలేదని మీరు రాశారు. పడగొట్టడమే ప్రధానమైన ఆటలో అది సాధన చేయకుండా 489 మ్యాచ్‌లు ఎలా గెలుస్తారు? పట్టు పట్టకుండా కబడ్డీ నేర్పినట్టు లేదా?
— వ్యాయామ ఉపాధ్యాయుడు, అంబర్‌పేట

జవాబు: మీ అనుమానమే ఆయన తోటి కోచ్‌లకూ ఉండేది. దానికి జవాబు ఆయన కోచ్ అయిన తీరులో ఉంది. 1943లో కొలరాడోలోని ట్రినిడాడ్ అనే ఊళ్లో, హైస్కూలు జట్టు కోచ్‌ను యుద్ధానికి పిలిపించడంతో, బడి జట్టును రద్దు చేద్దామనుకున్నారు. పదహారేళ్ల గలార్డి ఆ జట్టులో ఆటగాడు; జట్టును మేమే నడుపుకుంటామని పెద్దలను ఒప్పించి తానే కోచ్ అయ్యారు. ఆటగాడిగా ఉండగా తనకు నచ్చనివన్నీ, అంటే అర్థంలేని వ్యాయామాలు, దాహం వేసినా మంచినీళ్లు ఇవ్వకపోవడం, సొంత జట్టువాళ్లనే గుద్దుకుని గాయపడటం, వీటన్నిటినీ ఆయన ఆ రోజే తీసేశారు. జట్టు గెలిచింది కాబట్టి వాటిని మళ్లీ పెట్టవలసిన అవసరం జీవితాంతం రాలేదు.

1949లో, ఇరవై రెండేళ్లకే, మొంటానాలోని కారొల్ కాలేజీలో ఫుట్‌బాల్‌తో పాటు బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ జట్లను కూడా చూసే ఉద్యోగంలో చేరారు. 1953లో బెనెడిక్టైన్ సన్యాసులు నడిపే సెయింట్ జాన్స్‌కు వచ్చి, 2012లో విరమించేదాకా అక్కడే ఉన్నారు. 1963, 1965లలో ఎన్‌ఏఐఏ, 1976, 2003లలో మూడో డివిజన్ జాతీయ టైటిళ్లు గెలిచారు. మొత్తం 489 విజయాలు, 138 ఓటములు, 11 డ్రాలు. కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో ఇన్ని గెలిచిన కోచ్ మరొకరు లేరు.

మీ ప్రశ్నకు సూటిగా వస్తే, ఆయన తీసేసింది నేలకేసి కొట్టడాన్ని మాత్రమే. పరుగెత్తేవాడి ముందుకు సరైన కోణంలో, సరైన క్షణంలో చేరడాన్ని తీసేయలేదు. అభ్యాసం గంటన్నర దాటేది కాదు. ఆ గంటన్నరలో ఒకే ఆటను, ఎదుటి జట్టు ఎలా నిలబడితే మనవాడు ఎటు అడుగు వేయాలన్నదాన్ని, తప్పు పోయేదాకా మళ్లీ మళ్లీ చేయించేవారు. గాయాలు లేకపోవడంతో నవంబరు నాటికి ఎదుటి జట్టులో ముఖ్యులు కట్లు కట్టుకుని బెంచీ మీద కూర్చుంటే, ఈయన జట్టు పూర్తిగా నిలబడి ఉండేది. మీ కబడ్డీలోనూ రైడర్‌ను చైన్ మూలకు ఎలా నెట్టాలన్నది అడుగుల లెక్కే గదా, ఉడుంపట్టు ఆ తర్వాతి సంగతి.

విజిల్ ఉండేది కాదు. ఆయనను కోచ్ అని పిలవనిచ్చేవారు కాదు, పద్దెనిమిదేళ్ల కుర్రాడు కూడా జాన్ అనే పిలవాలి. మన దగ్గర ఇది సాధ్యమా అంటే కాదనే మేము అనుకుంటాం. సార్ అనడం మానిపించినంత మాత్రాన మన పిల్లల్లో భయం పోదు. జట్టులో చేరాలనుకున్నవారిని ఎవరినీ తీసేసేవారు కాదు కాబట్టి సంఖ్య నూట యాభై దాటేది. చలి ముదిరినా, దోమలు ముసిరినా అభ్యాసాన్ని కుదించేవారు. ఇదంతా మెతకతనమని అనుకున్నవాళ్లకు 2003 ఫైనల్ బదులు చెప్పింది: వరుసగా 55 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన ఒహాయో జట్టు మౌంట్ యూనియన్‌ను ఆయన జట్టు 24–6తో ఓడించింది.

తలకు తగిలే దెబ్బల గురించి భయం పెరిగాక పేరున్న కాలేజీలవాళ్లు కూడా అదే దారికి వచ్చారు. డార్ట్‌మత్ కాలేజీ కోచ్ బడ్డీ టీవెన్స్ 2010లో తన జట్టు అభ్యాసంలో పడగొట్టడాన్ని పూర్తిగా ఆపించి, తర్వాతి ఏళ్లలో రిమోట్‌తో కదిలే బొమ్మల మీద సాధన చేయించారు. 2016లో, డార్ట్‌మత్ కూడా సభ్యురాలైన ఐవీ లీగ్ అనే కూటమిలోని కాలేజీలన్నీ సీజన్ జరిగే కాలంలో ఆ నియమాన్ని పాటించాలని నిర్ణయించుకున్నాయి. గలార్డి 2018లో 91 ఏళ్ల వయసులో మరణించేనాటికి ఇది చూశారు.

ప్రశ్న: చిన్న కాలేజీలో చేరిన కోచ్ జీవితాంతం అక్కడే ఉండిపోవాలా, పెద్ద జట్లకు ఎదిగినవాళ్లు ఉన్నారా?
— ఉస్మానియా విద్యార్థి, విద్యానగర్

జవాబు: ఉన్నారు, అయితే వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే. కేలెన్ డిబోర్ సౌత్ డకోటాలోని సూఫాల్స్ విశ్వవిద్యాలయంలో 2005 నుంచి 2009 వరకు 67 మ్యాచ్‌లు గెలిచి మూడు మాత్రమే ఓడారు, మూడు ఎన్‌ఏఐఏ టైటిళ్లు సాధించారు. అంతటి రికార్డుతో కూడా ఆయన వెంటనే పెద్ద జట్టుకు హెడ్ కోచ్ కాలేదు. మరికొన్ని విశ్వవిద్యాలయాల్లో మళ్లీ అసిస్టెంట్‌గా పనిచేసి, ఫ్రెస్నో స్టేట్, వాషింగ్టన్ జట్లను నడిపి, 2024 జనవరిలో ప్రఖ్యాత అలబామా జట్టుకు వచ్చారు. లాన్స్ లైపోల్డ్ తాను చదువుకున్న విస్కాన్సిన్–వైట్‌వాటర్‌లో ఎనిమిది సీజన్లలో ఆరు మూడో డివిజన్ టైటిళ్లు గెలిచి, 109–6 రికార్డుతో 2015లో బఫలోకు, అక్కడి నుంచి 2021లో కాన్సస్‌కు వెళ్లారు. నిక్ సిరియానీ మౌంట్ యూనియన్‌లో ఆడి, అక్కడే చిన్న అసిస్టెంట్‌గా మొదలై, రెండో డివిజన్‌లో కొంతకాలం పనిచేసి ప్రొఫెషనల్ జట్లలోకి ప్రవేశించారు. ఆయన నడిపిన ఫిలడెల్ఫియా ఈగల్స్ 2025 ఫిబ్రవరిలో ప్రొఫెషనల్ జట్ల ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది.

సిరియానీకి ఆట నేర్పిన లారీ కేరెస్ మాత్రం మౌంట్ యూనియన్‌ను వదలలేదు. 1986 నుంచి 2012 దాకా 332 విజయాలు, 24 ఓటములు, 3 డ్రాలు, 11 జాతీయ టైటిళ్లు ఆయనవి. ఆ స్థాయి కోచ్ ఒక చిన్న ఊళ్లో ఉండిపోవడాన్ని ఆశయం లేకపోవడంగా చూడటం మాకు తప్పనిపిస్తుంది. పెద్ద జట్టులో మూడేళ్లు ఓడితే ఇల్లు ఖాళీ చేయాలి. ఇక్కడ పిల్లల చదువు ఒకే బడిలో పూర్తవుతుంది, ఇరవై ఏళ్ల క్రితం నేర్చుకున్నవాడు తన కొడుకును తెచ్చి అదే జట్టులో చేరుస్తాడు. విద్యార్థిగా మీకు డిబోర్ కథ నచ్చుతుంది, నచ్చాలి కూడా. కానీ అసిస్టెంట్‌గా చేరిన వందమందిలో ఎక్కువమందికి దక్కగల మంచి జీవితం కేరెస్ తరహాది, అదీ ఆ రికార్డులు లేకుండా.

ప్రశ్న: మా నాన్నగారు రహీం సాబ్ దగ్గర ఆడినవాళ్లను చూసిన తరం. మీరు అమెరికా కోచ్‌లను ఆకాశానికెత్తే ముందు మన హైదరాబాద్ కోచ్‌ను తలుచుకోవద్దా?
— ఒక పాఠకుడు, షాలిబండ

జవాబు: తలుచుకోవలసిందే. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే ఫుట్‌బాల్ పోటీ గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, అన్నీ ఆయన ఆధ్వర్యంలోనే. క్యాన్సర్‌తో 1963లో మరణించారు. ఆట వేరు, కాళ్లతో ఆడే ఫుట్‌బాల్ అది. కానీ వృత్తి స్వభావం ఒకటే.

అమెరికాలో ఆయనకు సాటి ఎవరని అడిగితే మేము గలార్డిని కాదు, ఎడీ రాబిన్సన్‌ను చెబుతాం. ఆయన 1941లో లూసియానాలో నల్లజాతి విద్యార్థుల కోసం నడిచే గ్రాంబ్లింగ్ కాలేజీలో చేరేముందు దాణా మిల్లులో పనిచేస్తున్నారు. కోచ్ ఉద్యోగంలో చేరాక మైదానంలో గడ్డి కోయడం, మ్యాచ్ వార్త రాసి పత్రికలకు పంపడం కూడా ఆయన పనే. వర్ణవివక్ష ఉన్న దక్షిణాది రాష్ట్రాల్లో తన ఆటగాళ్లను హోటళ్లలో కూర్చోనివ్వరు కాబట్టి ప్రయాణాలకు తిండి కట్టి తీసుకెళ్లేవారు. రెండో ఏడే, 1942లో, ఆయన జట్టు ఎదుటివాళ్లకు ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా సీజన్ ముగించింది. 1997లో విరమించేనాటికి 408 విజయాలు. 2003లో గలార్డి దాటింది ఈ అంకెనే. ఆయన శిష్యుల్లో రెండువందల మందికి పైగా ప్రొఫెషనల్ జట్లకు వెళ్లారు. వాళ్లలో డగ్ విలియమ్స్ 1988లో సూపర్ బౌల్ గెలిచిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ బంతిని విసిరే ఆటగాడు) అయ్యాడు, ఆ తర్వాత గ్రాంబ్లింగ్‌కు తిరిగివచ్చి గురువుగారి కుర్చీలోనే కోచ్‌గా కూర్చున్నాడు.

పేరున్న క్లబ్బుల వద్ద ఉన్న డబ్బు లేకుండా, పోలీసు ఉద్యోగాల్లో ఉన్న కుర్రాళ్లతో కలకత్తా జట్లను ఓడించిన రహీం సాబ్‌కూ, రాబిన్సన్‌కూ మధ్య పోలిక మీ నాన్నగారికి మాకంటే బాగా తెలుస్తుంది. ఆయన జ్ఞాపకాలు రాసి పంపితే మా పత్రికలో వేసుకుంటాం.

ప్రశ్న: ఆట నియమాలు నాలుగు ముక్కల్లో చెప్పండి. టీవీలో చూస్తే ఆగడం తప్ప ఆడటం కనబడదు.
— గృహిణి, మలక్‌పేట

జవాబు: మైదానం వంద గజాలు. బంతి ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు జరగడానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. జరిగితే మరో నాలుగు, లేకపోతే బంతి ఎదుటివాళ్లది. చివరి గీత దాటితే ఆరు పాయింట్లు. ప్రతి ప్రయత్నానికీ మధ్య ఆగేది కోచ్ తర్వాతి ఎత్తు చెప్పడానికి; మీకు విసుగు పుట్టించే ఆ విరామంలోనే మేము ఇందాకటి నుంచి చెబుతున్న ఉద్యోగమంతా ఉంది.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. పరుగులో చురుకు. హైదరాబాద్‌లో ఉండి ఈ ఆట నేర్చుకునే దారి ఉందా?
— ఒక తల్లి, తార్నాక

జవాబు: హెల్మెట్లు, భుజకవచాలతో ఆడే అసలు ఆటకు ఇక్కడ పునాది పడలేదు. 2012లో ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అనే పోటీ కొలంబోలో జరిగినప్పుడు హైదరాబాద్ స్కైకింగ్స్ పేరుతో మన జట్టు ఒకటి ఆడింది గానీ, ఆ లీగ్ నిలవలేదు. మీ అమ్మాయికి సరిపోయేది ఫ్లాగ్ ఫుట్‌బాల్. ఇందులో పడగొట్టడం ఉండదు. నడుముకు వేలాడే గుడ్డపట్టీని లాగేస్తే ఆట ఆగినట్టు. జట్టుకు ఐదుగురు, బూట్లు తప్ప పెద్ద సామగ్రి అక్కర్లేదు. 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశం దీన్ని క్రికెట్‌తో పాటు 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో చేర్చింది, మహిళలకు కూడా పోటీ ఉంది.

ముందుగా బడిలో పీఈటీ గారిని కలిసి, మరో తొమ్మిది మంది పిల్లలను కూడగట్టగలరేమో అడగండి; పదిమంది ఉంటే రెండు జట్లయి ఆట మొదలవుతుంది. ఖోఖో, కబడ్డీ ఆడిన పిల్లలకు తప్పించుకు పరుగెత్తడం ముందే వచ్చి ఉంటుంది, నేర్చుకోవలసిందల్లా గాలిలో మెలితిరుగుతూ వచ్చే కోలబంతిని రెండు చేతులా అందుకోవడం. అంబర్‌పేట నుంచి పైన ప్రశ్న పంపిన ఉపాధ్యాయుడి చిరునామా మా వద్ద ఉంది. ఆయన అంగీకరిస్తే మీకు తెలియజేస్తాం.